గాలి లేని కెరటం

మా హికిదూ దీవిలో ఇద్రీసును ఇద్రీసు అని పిలిచినవాళ్ళు ఇద్దరే. ఒకరు కన్నతల్లి, రెండోవారు ఒళ్ళు మండినప్పుడు దీవిపెద్ద కతీబుగారు. మిగతా అందరికీ అతను దోంబె, అంటే పెద్దన్న. అతనికన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా దోంబె అనే అనేవారు. అనక చస్తారా, ఈ దీవి మీద కాలు పెట్టాలంటే ముందు అతని చెయ్యి లేవాలి మరి.

ఇప్పుడంటే రేవు కట్టారు, కుర్రకారు చెప్పుల కాళ్ళతో పడవ దిగి టీకొట్టుకు పోతున్నారు. అప్పట్లో అలా కాదు. మిగతా దీవులకు చుట్టూ పగడపు గట్టు, మధ్యలో చెరువులా నిలకడ నీళ్ళు ఉంటాయి. మాకు ఆ యోగం లేదు. మాది ఒంటి దీవి. ఒడ్డుకు నూట యాభై బారల దూరంలో గట్టు, గట్టు దాటితే అడుగు అందని సముద్రం. లంగరు వేద్దామంటే ఏ తాడూ చాలదు. తూర్పు వైపు గట్టులో ఒకే ఒక్క సందు ఉంది, రెండు పడవలు పక్కపక్కన పట్టేంత. వచ్చే పడవైనా పోయే పడవైనా ఆ సందులోంచే.

కెరటాలు గుంపులు గుంపులుగా వస్తాయి. అయిదో ఆరో ఏడో పెద్దవి వచ్చి గట్టు మీద విరుచుకుపడ్డాక కాసేపు తెరపి ఇస్తాయి. ఆ తెరపిలో పడవ దూరిపోవాలి. చిక్కేమిటంటే, పడవలో ఉన్నవాడికి కెరటం వీపు మాత్రమే కనబడుతుంది. దాని మొహం ఎలా ఉందో ఒడ్డున ఉన్నవాడే చూడగలడు. అందుకని ఒడ్డున రాళ్ళ దిబ్బ మీద ఒక మనిషి తెల్లగుడ్డ నడుముకు చుట్టుకుని నిలబడేవాడు. ఆఖరి కెరటం విరగబోయే ముందే తెరపిని పసిగట్టి గుడ్డ పైకెత్తి ఊపేవాడు. గుడ్డ ఊగిందంటే సరంగు ఇంకేమీ ఆలోచించడు, తెడ్లు వేయమంటాడు. ఆ గుడ్డ ఇరవై ఆరేళ్ళు దోంబె చేతిలో ఉంది. ఆ ఇరవై ఆరేళ్ళలో ఒక్క మనిషి కూడా పోలేదు. ఒకసారి రెండు మేకలు పోయాయి. ఆ మేకల సంగతి ఎత్తితే మాత్రం మనిషికి ఎక్కడలేని కోపం వచ్చేది.

కోపం లేనప్పుడు సరసుడే. కొత్త కోడలు పడవ దిగగానే దిబ్బ మీంచే, "మీ ఆయన తీసుకొచ్చాడనుకుంటున్నావేమో అమ్మాయ్, నేను పిలిస్తే వచ్చావు" అనేవాడు. పెళ్ళికొడుకు మొహం మాడిపోయేది. దిబ్బ కింద పూవరసు చెట్టు నీడలో కూచున్న హలీమా, అంటే దోంబె భార్య, చేపచారు గిన్నె మీద మూత పెడుతూ, మరి ఇంటి పనికి నేను పిలిస్తే నీకు వినబడదేమని అడిగేది. పడవలు వచ్చే రోజు దోంబె దిబ్బ దిగడు కాబట్టి ఆవిడే అన్నం తెచ్చి, అతను తినేదాకా ఆ నీడలోనే కూచునేది. ఇరవై ఆరేళ్ళూ అంతే.

గుడ్డకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గట్టు బయట పడవ ఉన్నంతసేపు తూర్పు ఒడ్డున ఇంకెవరి చేతిలోనూ గుడ్డ కనబడకూడదు. ఆడవాళ్ళు తలగుడ్డ కదలకుండా ముడివేసుకోవాలి. చెయ్యి ఊపడం కూడా కూడదు. అయిదేళ్ళ తరవాత తోడబుట్టినవాడు వస్తున్నా సరే, చేతులు వెనక్కి పెట్టుకుని చూడాల్సిందే. నోరెత్తకూడదు, ఇదిగో తెరపి అదిగో తెరపి అని దిబ్బ మీది మనిషికి ఎవరూ చెప్పకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళు మమ్మల్ని మమకారం లేని మనుషులని ఆడిపోసుకునేవారు. అనుకోనీ.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇంకొకటి. పడవలో సొంత రక్తం ఉంటే గుడ్డ పట్టకూడదు, ఇంకొకరికి ఇచ్చి దిగిపోవాలి. ఇది ఊరికే పుట్టలేదు. దోంబెకు పని నేర్పిన అబ్బాస్ తాత తన కొడుకు వస్తున్న పడవకు గుడ్డ ఊపాడు. తెరపి వచ్చిందనుకున్నాడు. రాలేదు. ఆరుగురు పోయారు, కొడుకుతో సహా. చచ్చేదాకా ఆ ముసలాయన, "నాకు కనబడిందిరా, పచ్చగా కనబడింది" అంటూనే ఉన్నాడు. ఆ మాట అప్పటి కుర్రాడు దోంబె ఎముకల్లో ఇంకిపోయింది. తన చేతికి గుడ్డ వచ్చిన రోజునే ఆ కట్టుబాటు పెట్టింది అతనే. తన తరవాతి మనిషిగా జాబిర్‌ను తయారుచేసుకుంటూ పదేళ్ళపాటు ఇదే నూరిపోశాడు. జాబిర్ దక్షిణపు పేట మనిషి, చుట్టరికం ఏమీ లేదు. చూపు మంచిదే, చెయ్యే కాస్త పిరికిది.

"నా వాళ్ళు పడవలో ఉన్న రోజు నేను నీకేమన్నా చెప్పానంటే వినకు," అని ఒకనాడు దోంబె అతనితో అన్నాడు. "చెవిలో చెప్పినా, కాళ్ళు పట్టుకున్నా వినకు. చెంప మీద ఒకటి ఇచ్చుకో."

"పెద్దవాడివి, చెంప మీద ఎలా కొడతాను దోంబె?"

"పోయిన మేకలను తలుచుకుని కొట్టు."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నవ్విన నోటితోనే ఏడవాల్సి వస్తుందని ఎవరికి తెలుసు.

దోంబెకు ముగ్గురు పోయాక దక్కిన ఒక్కగానొక్క కూతురు నఫీసా. అల్లుడు ఓడ మీద వంటవాడు, ఏడాదికోసారి కనబడతాడు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని మా మంత్రసాని చేతులెత్తేస్తే, ఏడో నెలలోనే నఫీసాను దక్షిణాన అద్దూ దీవులకు పంపారు. అక్కడ చెయ్యి తిరిగిన మంత్రసాని ఉంది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా కులాసా అని తరవాతి పడవలో కబురొచ్చింది. పేరేం పెట్టారని హలీమా అడిగి పంపితే, వచ్చి బాప్పా, అంటే నాన్న, చెవిలోనే చెబుతానని కూతురు తిరుగు కబురు పంపింది. దోంబె ఆ కబురు దీవిలో కనబడ్డ ప్రతివాడికీ రెండేసి సార్లు వినిపించాడు. నలభై రోజులు నిండగానే జకరియా సరంగు పడవలో బయల్దేరుతున్నారని తెలిసింది.

అది మియహెళి కార్తె. పడమటి గాలులు అప్పుడే మొదలై, నాలుగు రోజులు ఊదరగొట్టి, అలసట తీర్చుకుంటున్నట్టు ఆగిపోయాయి. కతీబుగారి అరుగు మీద రేడియో రోజూ సాయంత్రం సముద్రం కబుర్లు చెప్పేది. ఆ రోజు దక్షిణపు నీళ్ళన్నిటా గాలి బలహీనం, ఆకాశం నిర్మలం, సముద్రం ప్రశాంతం అని చెప్పింది. అద్దూలో జకరియా కూడా అదే విని పడవ కదిలించాడు. రేడియో అబద్ధం చెప్పలేదు. గాలి నిజంగానే లేదు. కొబ్బరాకు కొస కూడా కదలలేదు.

మర్నాడు పొద్దుటి నమాజు అయ్యేసరికి తూర్పున పడవ కనబడింది. దాంతోపాటే గట్టు చప్పుడు మారింది. అది దీవిలో అందరికన్నా ముందు దోంబె చెవిలోనే పడింది. చేమదుంప నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. మా కింద ఎక్కడో, మనిషి పుట్టక ఎరగని దక్షిణపు చలి సముద్రంలో గాలివాన లేస్తుంది. మాకు మబ్బూ ఉండదు, చినుకూ ఉండదు. నాలుగైదు రోజులకు దాని కెరటాలు మాత్రం నడుచుకుంటూ వస్తాయి. దాన్ని మేం ఉద అంటాం. గాలి కెరటమైతే గాలి ఆగితే ఆగుతుంది. ఉదకు గాలితో పనిలేదు, ఎప్పుడు ఆగుతుందో చెప్పడానికి పట్టుకుని అడిగే గాలే లేదు.

దోంబె ఒడ్డుకు వచ్చి, దిబ్బ ఎక్కకుండానే నడుముకున్న గుడ్డ విప్పి జాబిర్ చేతిలో పెట్టాడు. జాబిర్ దాన్ని చుట్టుకుని దిబ్బ ఎక్కాడు. దోంబె వెళ్ళి పూవరసు నీడలో భార్య పక్కన కూచున్నాడు. అక్కడ ఆమె పక్కన కూచుని సముద్రం చూడటం అతనికి అదే మొదటిసారి.

ఎండ ఫెళఫెళలాడుతోంది, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. అలాంటి పండగలాంటి రోజున కొబ్బరిచెట్టు ఎత్తు కెరటాలు వచ్చి గట్టు మీద కూలుతున్నాయి. ఒక గుంపు పోయి ఇంకో గుంపు వచ్చేలోపు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వడం లేదు. వాటి అవతల జకరియా పడవ లేస్తూ మునుగుతూ ఉంది. పద్నాలుగు మంది. నఫీసా ఎర్ర గౌను ఇక్కడికి స్పష్టంగా కనబడుతోంది. మధ్యాహ్నం వేళ ఆమె లేచి నిలబడి, పక్కవాళ్ళు నడుం పట్టుకోగా, చేతుల్లోని మూటను తల పైకెత్తి ఒడ్డు వైపు చూపించింది.

హలీమా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. ఒడ్డున నిలబడ్డ వందమందీ అలాగే నిలబడ్డారు. మనవరాలిని చూపిస్తున్న కూతురికి చూశామని చెయ్యి ఊపడానికి కూడా లేదు. చెయ్యి ఊపితే జకరియా తెడ్లు వేయిస్తాడు, వేయిస్తే ఇంకేముంది. దోంబె కూచున్నచోటే మోకాళ్ళ మధ్య తల దూర్చుకున్నాడు. ఇంత పనిమంతుడు, ఇంత పేరున్నవాడు, తన ఇంటికి వచ్చినదాన్ని లోపలికి రమ్మనలేకపోయాడు. ఆ మాటే లోపల్లోపల వంద సార్లు అనుకున్నాడు.

నలుగురు ఈతగాళ్ళు పడవలోవాళ్ళకు తాగడానికి లేత బొండాలు తాడుకు కట్టుకుని సందులోంచి పోబోయారు. రెండో కెరటమే నలుగురినీ ఈడ్చి గట్టు మీద కొట్టింది. ఒకడి వీపు పగడాలకు గీసుకుపోయి నెత్తురు కారుతుంటే మోసుకొచ్చారు. దాంతో ఆ ప్రయత్నం మానేశారు. సాయంత్రం దాకా జాబిర్ దిబ్బ మీద నిలబడే ఉన్నాడు. గుడ్డ ఎత్తే పని పడలేదు. ఆ రోజు అసలు తెరపి రాలేదు, అందులో అనుమానం ఏమీ లేదు.

రెండో రోజు పడవ ఇంకాస్త దూరం జరిగి కనబడింది. ఆ కార్తెలో నీళ్ళు తూర్పుకు లాగుతాయి. గాలి లేదు కాబట్టి తెరచాప ఎందుకూ కొరగాదు. తిరిగి అద్దూ పోదామన్నా లేదు, ఇక్కడే ఉందామన్నా లేదు. ఉన్నచోట ఉండాలంటే రాత్రీ పగలూ తెడ్లు వేయాలి. వేసీ వేసీ వాళ్ళ చేతులు పడిపోతున్నాయని ఒడ్డు నుంచే తెలుస్తోంది. ముందురోజు పది తెడ్లు లేచేవి, ఇప్పుడు ఆరు. ఒక రాత్రి ప్రయాణానికి పెట్టుకున్న నీళ్ళు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. చంటిబిడ్డ తల్లికి నీళ్ళు లేకపోతే బిడ్డకు పాలెక్కడివి. హలీమా ఆ లెక్క పైకి అనలేదు గానీ, ఆవిడ ముందు పెట్టిన కుండలో నీళ్ళు ఆ రోజు ముట్టలేదు.

జనం జాబిర్ మీద గొణగడం మొదలుపెట్టారు. నిన్నటి నుంచి గుడ్డను అలంకారానికి చుట్టుకున్నాడా అని ఒకడు వెనక నుంచి అన్నాడు. దోంబె అయితే ఈపాటికి లాగేసేవాడని ఇంకొకడు. కతీబుగారు ఇద్దరినీ కసిరి వెనక్కి పంపారు. జాబిర్ విన్నాడో లేదో, వీపు మాత్రం చెమటతో తడిసిపోయింది.

మిట్టమధ్యాహ్నం ఒక గుంపు వచ్చింది. దోంబె కూచున్నచోటే లెక్క పెడుతున్నాడు, ఆ లెక్క అతనికి ఊపిరితో పాటు నడిచేదే. ఏడో కెరటం లేస్తుంటే దాని వెనక సముద్రం ఒక్కసారి చదునయినట్టు కనబడింది. గట్టు మీద అటూ ఇటూ నురగ తెల్లగా ఎగురుతూనే ఉంది, చూసేవాళ్ళెవరికీ తేడా తెలియదు. సందు మధ్యలో మాత్రం ఆకుపచ్చటి నీటి చార ఒకటి పడింది. అదే తలుపు. చెయ్యి ఎత్తాల్సిన క్షణం అదే. ఒళ్ళో దోంబె పిడికిలి దానంతటదే బిగిసింది.

జాబిర్ చెయ్యి నడుముకున్న గుడ్డ మీదకు వెళ్ళింది. ముడి విప్పాడు. విప్పి ఆగిపోయాడు. తల తిప్పి, దిబ్బ మీంచి నేరుగా దోంబె మొహంలోకి చూశాడు. అడగలేదు, అడగకూడదు. కళ్ళతో మాత్రం అడిగాడు.

దోంబె ఒక్క రెప్ప వేస్తే చాలు. గడ్డం అంగుళం కిందకు వంచితే చాలు. కానీ అబ్బాస్ తాతకు కూడా ఇలాగే కనబడింది కదా, పచ్చగానే కనబడింది కదా అన్న ఆలోచన పిడుగులా నెత్తిన పడింది. తను చూస్తున్నది నీళ్ళనా, కూతురినా? తన చూపు జాబిర్‌ను ఎటు లాగుతుందోనన్న భయంతో మొహం పక్కకు తిప్పేసుకుని కొబ్బరితోపు వైపు చూస్తూ కూచున్నాడు. పదీ ఇరవై ముప్ఫై దాకా లెక్క పెట్టి ఉంటాడు. మళ్ళీ గట్టు మీద కెరటం కూలిన చప్పుడు వినబడ్డాక ఇటు తిరిగాడు. గుడ్డ జాబిర్ చేతిలో వేలాడుతోంది. ఎత్తలేదు.

సాయంత్రం దిబ్బ దిగి వచ్చి, ఇందాక ఏమైనా వచ్చిందా దోంబె అని జాబిర్ నెమ్మదిగా అడిగాడు. చూపు నీది, చెయ్యి నీది, నన్నడక్కు అని దోంబె లేచి వెళ్ళిపోయాడు.

మూడో రోజు పొద్దున తూర్పున పడవ లేదు. జనం చెట్లెక్కి చూశారు, మసీదు గోడెక్కి చూశారు. ఎర్ర చుక్క కాదు కదా, కాకి కూడా కనబడలేదు. ఆ మధ్యాహ్నానికి ఉద దానంతటదే అణిగిపోయి, సముద్రం నూనె పోసినట్టు నున్నగా పరుచుకుంది. సందులోంచి చిన్నపిల్లలు కూడా ఈది వెళ్ళొచ్చు. దాన్ని చూసి మా ఆడవాళ్ళు నోటికొచ్చినట్టు శాపనార్థాలు పెట్టారు. శాపాలు పెట్టినా సముద్రానికేం పట్టింది.

ఏడు పడవలు వెతకడానికి తూర్పుకు పోయాయి. మొదటి పడవలో దోంబె తెడ్డు వేశాడు. గాలి లేదు, ఎంత తెడ్డు వేస్తే అంతే దూరం. ఆరు రోజులు తిరిగి, నీళ్ళు అయిపోయి, పెదాలు పగిలి వెనక్కి వచ్చారు. కతీబుగారు ఊళ్ళూళ్ళకూ కబురు పంపారు. పై దేశాల ఒడ్డుకు కొట్టుకుపోయి బతికి బట్టకట్టినవాళ్ళు మా తాతల కాలంలో ఉన్నారని ముసలివాళ్ళు ధైర్యం చెప్పారు. శుక్రవారం నమాజు తరవాత పద్నాలుగు మందీ క్షేమంగా రావాలని పేరు పేరునా దువా చేశారు. పద్నాలుగో పేరు దగ్గర కతీబుగారు ఆగి దోంబె వైపు చూశారు. దోంబె తల అడ్డంగా ఊపాడు. నఫీసా బిడ్డ అని మాత్రం అన్నారు.

ఆ తరవాత ఇంట్లో మాటలు కరువయ్యాయి. దోంబె గుడ్డ మళ్ళీ పట్టలేదు. రెండు పడవలు వచ్చాయి, రెండిటికీ జాబిర్ నిబ్బరంగానే గుడ్డ ఊపాడు, అందరూ క్షేమంగా దిగారు. దోంబె ఆ రోజుల్లో పడమటి ఒడ్డున కూచుని, చిరగని వలను బాగుచేస్తూ గడిపాడు. హలీమా వండేది, పెట్టేది, ఎదురుగా కూచునేది. ఏడవడం కూడా ఎవరికి వారే ఏడ్చేవారు.

నెల దాటాక ఒక పగటిపూట, పెరట్లో చేమదుంపలు చెక్కు తీస్తూ ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"నఫీసా బాప్పా, రెండో రోజు జాబిర్ నీవైపు చూస్తే మొహం ఎందుకు తిప్పుకున్నావు?"

దోంబె చేతిలోని వలలోంచి సూది తీసి పక్కన పెట్టాడు. ఈ సంగతి జాబిర్‌కు చెప్పలేదు, కతీబుకు చెప్పలేదు, నమాజులో దేవుడికి కూడా నోరు విప్పి చెప్పలేదు. ఆవిడ దగ్గర దాచుకునే ఓపిక ఇక లేకపోయింది.

"సందు తెరుచుకున్నట్టు కనబడింది," అన్నాడు. "నిజంగా తెరుచుకుందో, బిడ్డ కోసం నా కన్నే తెరిచిందో తెలీలేదు. అబ్బాస్ తాతకు కూడా కనబడింది కదే. నాదీ అలాంటి చూపేనేమో అనిపించింది. పద్నాలుగు మంది ఉన్నారు. అందుకే తిప్పుకున్నా. అది తెరపి కాదు. కాదనే అనుకుంటున్నా. లేకపోతే నేను బతకలేను."

హలీమా చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఏడో కెరటం వెనకాలేనా?" అంది.

ఎన్నో కెరటమో అతను చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఆ నీడలోనే కూచుని అదే సముద్రాన్ని చూసిందన్న సంగతి అతనికి అప్పటిదాకా తట్టనే లేదు. అవునన్నట్టు తల ఊపాడు.

"నాకూ కనబడింది," అంది హలీమా.